కాన్బాన్ కార్డుల కన్నా ముందు సెట్టింగ్ టైమ్ సంగతి చూడండి

జస్ట్ ఇన్ టైమ్ (కావలసినప్పుడు కావలసినంతే తయారుచేసే టయోటా పద్ధతి) మొదలుపెడదామనుకున్న చిన్న ఫ్యాక్టరీలు చాలావరకు ముందు స్టోర్స్ మీద పడతాయి. నెలకోసారి వచ్చే మెటీరియల్‌ని రోజూ తెమ్మని వెండర్‌కి చెబుతారు. దాంతో సరుకు మన షెడ్డులోంచి వెండర్ షెడ్డులోకి మారుతుంది, అంతే. దాని మీద పడే వడ్డీ, అద్దె రేపో మాపో రేటులో కలిసి మళ్లీ మన నెత్తినే పడతాయి. టయోటా వచ్చిన దారి ఇది కాదు. ముందు చిన్న లాట్లు (లాటంటే ఒక విడతలో చేసే పార్టులు) చేయడం చేతకావాలి, ఆ తర్వాతే స్టాక్ తగ్గాలి. ఈ వరస తప్పితే లైన్ ఆగుతుంది, నెల తిరక్కుండా అందరూ పాత పద్ధతికి వెళ్లిపోతారు.

లెక్క వేసి చూద్దాం. జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక ప్రెస్ మీద నాలుగు రకాల పార్టులు చేసే షాపు ఉందనుకోండి. కస్టమర్‌కి రోజుకి ఎ 800, బి 480, సి 240, డి 160, మొత్తం 1680 పార్టులు కావాలి. రెండు షిఫ్టులు. భోజనం, టీలు, క్లీనింగ్ పోను షిఫ్టుకి 420 నిమిషాల చొప్పున రోజుకి 840 నిమిషాలు దక్కుతాయి. 840ని 1680తో భాగిస్తే పార్టుకి 30 సెకన్లు. అదే టాక్ట్ టైమ్, అంటే కస్టమర్ సరుకు తీసుకునే వేగం. ప్రెస్ ఒక్కో పార్టుకి 20 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి అసలు పని 560 నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన 280లో బ్రేక్‌డౌన్లకి, రిజెక్షన్లకి 70 తీసి పక్కన పెట్టండి. 210 నిమిషాలు చేతిలో ఉన్నాయి.

ఈ 210 నిమిషాలను దేనికి వాడతామన్నదే అసలు ప్రశ్న. డై (పార్టుకి ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి, అంటే సెట్టింగ్‌కి, 105 నిమిషాలు పడితే రోజుకి రెండు మార్పులే కుదురుతాయి. నాలుగు పార్టులు ఒక చుట్టు తిరగడానికి రెండు రోజులు పడుతుంది, కాబట్టి ఎ లాట్ 1600 ఉండి తీరాలి. అదే మార్పు 26 నిమిషాలకు దిగితే రోజుకి ఎనిమిది మార్పులు. ప్రతి పార్టూ రోజుకి రెండుసార్లు నడుస్తుంది, ఎ లాట్ 400కి వస్తుంది. సెట్టింగ్ టైమ్ తగ్గగానే ఆ మిగిలిన టైములో ఇంకో నాలుగొందలు కొట్టేద్దామని సూపర్‌వైజర్‌కి చేతులు ఉబలాటపడతాయి. కస్టమర్ అడగని ఆ నాలుగొందలూ డబ్బు కట్టిపడేసి మూల పడుంటాయి. మిగిలిన ప్రతి నిమిషాన్నీ మరిన్ని మార్పులకే ఖర్చు పెట్టాలి.

సెట్టింగ్ తగ్గించడంలో జపాన్ ఇంజనీరు షిగెయో షింగో చేసిన పనిని ఎవరూ దాటలేదు. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్ డై మార్పు నాలుగు గంటలు పట్టేది. ఆయన దాన్ని ముందు గంటన్నరకి, ఆ తర్వాత మూడు నిమిషాలకి తెచ్చారు. ఆయన సూత్రం చిన్నది. మెషిన్ ఆపితే తప్ప చేయలేని పని వేరు, మెషిన్ నడుస్తుండగానే చేసుకోగల పని వేరు. ఈ రెండూ కలిసిపోయి ఉండడం వల్లే గంటలు పోతాయి.

మన ప్రెస్ దగ్గర నిలబడి ఒక మార్పును మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. చివరి పీస్ పడ్డాక ఆపరేటర్ పానా వెతుక్కుంటాడు. హెల్పర్ టూల్ రూముకి వెళ్లి డై తెస్తాడు, హాయిస్ట్ వేరేచోట బిజీగా ఉంటుంది. డై ఎత్తు వేరు కాబట్టి కింద ప్యాకింగ్ పేర్చాలి, ర్యామ్ (పైనుంచి దిగి కొట్టే భాగం) అడ్జస్ట్ చేయాలి. క్లాంపు మందం ఒక్కో డైకి ఒక్కోలా ఉంటుంది, ఉన్న బోల్టు చాలదు. స్కేలు పెట్టి డైని మధ్యకి జరుపుతారు, ఒక పీస్ కొడతారు, బర్ (అంచున లేచే ముల్లు) వస్తుంది, మళ్లీ జరుపుతారు. పీస్ బాగా వచ్చాక క్యూసీ ఇన్‌స్పెక్టర్ కోసం ఎదురుచూపులు.

ఇందులో మెషిన్ ఆపాల్సిన పని సగం కూడా లేదు. తర్వాతి డై, బోల్టులు, పానా, గేజ్, కాయిల్ అన్నీ ఒక ట్రాలీ మీద సర్ది, నడుస్తున్న లాట్ ముగియకముందే ప్రెస్ పక్కన పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు, టైము మాత్రం బాగా దిగుతుంది. తర్వాత కొంచెం ఖర్చు పెట్టే పని. అన్ని డైల అడుగునా ప్లేట్లు బిగించి ఎత్తు సమానం చేయాలి, అప్పుడు ర్యామ్‌ని ముట్టుకోనక్కర్లేదు. క్లాంపు పట్టుకునే అంచు మందం అన్నిటికీ ఒకటే చేస్తే ఒకే సైజు బోల్టు, ఒకే పానా సరిపోతాయి. బెడ్ మీద స్టాపర్లు, లొకేటింగ్ పిన్నులు పెడితే స్కేలు అవసరం ఉండదు. బోల్టు ఎన్ని చుట్లు తిరిగినా పట్టు పడేది ఆఖరి చుట్టులోనే అని షింగో చెప్పేవారు. అందుకే యూ ఆకారపు వాషర్ వాడి నట్‌ని ఒక చుట్టు వదులు చేసి వాషర్ లాగేస్తే చాలు. అన్నిటికన్నా ఎక్కువ టైము తినేది జరపడం, సరిచూడడం, మళ్లీ జరపడం. ఆ అడ్జస్ట్‌మెంట్‌ని తొందరగా చేయడం నేర్పకండి, దాని అవసరమే లేకుండా చేయండి.

ఇప్పుడు కాన్బాన్ కార్డులు. పార్టులు పెట్టే ప్రతి బిన్నుకీ (డబ్బాకి) ఒక కార్డు ఉంటుంది, బిన్ను వాడకం మొదలవగానే అది ప్రెస్‌కి వెళ్లి మళ్లీ అన్ని పార్టులే చేయమని చెబుతుంది. కార్డుల సంఖ్యకి సూత్రం ఇది: రోజు వాడకాన్ని, కార్డు వెళ్లి సరుకుగా తిరిగొచ్చే రోజులతో గుణించి, రక్షణ కోసం కొంత శాతం కలిపి, బిన్నులో పట్టే సంఖ్యతో భాగించాలి. ఎ పార్టు రోజుకి 800, బిన్నుకి 40. పాత సెట్టింగ్‌తో చుట్టుకి రెండు రోజులు, కార్డు సేకరణకి, రవాణాకి పావు రోజు. 20 శాతం రక్షణ కలిపితే 54 కార్డులు, అంటే 2160 పార్టులు. కొత్త సెట్టింగ్‌తో అరరోజు, పైన పావు రోజు. 18 కార్డులు, 720 పార్టులు. స్టాక్ మూడో వంతుకి వచ్చింది, వెండర్‌ని ఒక్క మాట అనకుండానే. పాత సెట్టింగ్ అలాగే ఉంచి 18 కార్డులు వేస్తే మాత్రం మొదటి రోజే ఎ అయిపోతుంది.

నడిపేటప్పుడు దెబ్బతినేది చిన్న విషయాల్లోనే. బిన్నులోంచి మొదటి పీస్ తీసేటప్పుడే కార్డు తీసి పెట్టెలో వేయాలి. బిన్ను ఖాళీ అయ్యాక వేస్తే ఆ బిన్ను వాడినంతసేపూ ప్రెస్‌కి కబురు అందదు, ఆ ఆలస్యం మన లెక్కలో లేదు. బిన్నులో 40కి బదులు 37 ఉంటే లెక్కంతా తప్పు. కార్డు లేని బిన్ను ఎక్కడా కనిపించకూడదు. కార్డులు జేబుల్లో, డ్రాయర్లలో మాయమవుతుంటాయి కాబట్టి వారానికోసారి లెక్కపెట్టాలి. ఎ లాట్ 400 కాబట్టి పది కార్డులు బోర్డు మీద చేరాకే ప్రెస్ ఆ పార్టు ఎత్తుకోవాలి. సూపర్‌వైజర్ వచ్చి ఫలానాది ముందు చేయమంటే బోర్డు ఇక అలంకారమే.

స్టాక్ తక్కువున్నప్పుడు చెడ్డ పీస్ ఒక్కటి పోయినా తర్వాతి స్టేషన్ ఆగుతుంది. అందుకే టయోటాలో జస్ట్ ఇన్ టైమ్ పక్కన రెండో స్తంభం జిడోకా, అంటే లోపం రాగానే మెషిన్ తనంతట తానే ఆగడం. టయోటా కార్ల కంపెనీ పెట్టిన కిచిరో తండ్రి సాకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి రకం మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగేది. ఆ మగ్గం పేటెంట్ హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని మగ్గాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. లోపం కనిపించిన చోటే ఆపే ఏర్పాటు లేకుండా బిన్నులు తగ్గించడం ప్రమాదం. మన ప్రెస్ మీద అది స్ట్రిప్పర్ (పంచ్ నుంచి రేకుని విడదీసే ప్లేటు) దగ్గర పీస్ ఇరుక్కుంటే స్ట్రోక్ ఆపే ఒక సెన్సార్ కావచ్చు.

పైన వేసిన లెక్కంతా రోజుకి 800 అనే సంఖ్య మీద నిలబడి ఉంది. మన పారిశ్రామిక వాడల్లో నెలాఖరు వారంలోనే డిస్పాచ్ అంతా ఊడిపడుతుంది. అప్పుడు ఎ వాడకం 1600కి లేస్తుంది, 20 శాతం రక్షణ దేనికీ చాలదు. ఆ ఎగుడుదిగుడుకి మందు ప్రెస్ దగ్గర కార్డులు పెంచడం కాదు. కస్టమర్‌తో కూర్చుని రోజువారీ డిస్పాచ్ సంఖ్య ఖాయం చేసుకోవాలి. అది కుదరకపోతే ఫినిష్డ్ గూడ్స్ దగ్గర ఒక్కచోట స్టాక్ ఉంచి, దాని వెనక ఉన్న షాపంతా సమాన వేగంతో నడపాలి.

దూరం నుంచి వచ్చే వాటికి ఈ లెక్కలు వేరు. టయోటా సప్లయర్లు చాలామంది దాని ఫ్యాక్టరీలున్న జపాన్‌లోని ఐచి ప్రాంతంలోనే ఉంటారు, లారీ రోజుకి చాలాసార్లు తిరగగలదు. రాజ్‌కోట్ నుంచో కోయంబత్తూరు నుంచో వచ్చే కాస్టింగ్‌కి రోజువారీ డెలివరీ అడగడం అర్థంలేని పని. అక్కడ కావాలనే స్టాక్ ఉంచాలి. టయోటా కూడా అది దెబ్బ తిన్నాకే నేర్చుకుంది. 1997 ఫిబ్రవరి 1న ఐచిలోని కరియాలో టయోటా సప్లయర్ ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వాడే పీ-వాల్వులు దాదాపు అన్నీ అక్కడినుంచే వచ్చేవి. జపాన్‌లో టయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగాయి. ఇతర సప్లయర్లు డ్రాయింగులు పంచుకుని, ఉన్న మెషిన్ల మీదే వాల్వులు చేసి కొద్ది రోజుల్లో గట్టెక్కించారు. 2011 భూకంపం తర్వాత టయోటా చిప్‌ల సప్లయర్లను రెండు నుంచి ఆరు నెలల స్టాక్ ఉంచమంది. 2021 చిప్‌ల కరువులో మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం నిలబడింది అందుకే. అదీ చాలక ఆ ఏడాది సెప్టెంబరు ఉత్పత్తిని 40 శాతం తగ్గించుకుంది. ఒక పార్టు ఆగిపోతే మళ్లీ మొదలవడానికి ఎంతకాలం పడుతుందో, దాన్ని బట్టే ఆ పార్టు స్టాక్ ఉండాలి.

ప్రతిసారీ కొత్త డ్రాయింగ్ వచ్చే జాబ్ షాపులో పార్టు పేరుతో కార్డులు పనిచేయవు, ఈ రోజు చేసింది మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అక్కడ మొత్తం జాబుల సంఖ్యకి కార్డులు వేయాలి. రోజుకి 5 జాబులు పూర్తయ్యే షాపులో ఫ్లోర్ మీద 30 ఉంటే ఒక్కోటి సగటున 6 రోజులు లోపల తిరుగుతుంది. కార్డులు 20 మాత్రమే వేసి, ఒకటి బయటికెళ్తేనే ఇంకోటి లోపలికి రానిస్తే, ఆ రోజుకి 5 అలాగే నిలబడినంతవరకు 4 రోజుల్లో బయటపడుతుంది. కార్డులు మరీ తగ్గిస్తే ముఖ్యమైన మెషిన్ పనిలేక ఖాళీగా నిలబడుతుంది. అలా నిలబడిన రోజు తీసేసిన కార్డుల్లో ఒకటి తిరిగి కలపాలి.