తంజావూరులో వెయ్యి రూపాయల గది

చెన్నై ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తంజావూరులో ఇంకా చీకటి ఉండగానే దింపేస్తుంది. ముందు ఊరి బయట ఈతకొలను ఉన్న రిసార్ట్ ఒకటి ఫోన్లో చూపించాను కానీ, అమ్మ రేటు విని "ఆ డబ్బుకి పట్టుచీర వస్తుందే" అంది. అంతే, పాత బస్టాండు దగ్గర రోజుకి వెయ్యి రూపాయల లాడ్జి ఖాయమైపోయింది.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకానే, అవీ ముందు కాస్త ఎర్రగా వచ్చి తర్వాత తేటపడతాయి. కిటికీ తీస్తే బస్సుల హారన్లు, మూస్తే ఫినాయిల్ వాసన. దుప్పట్లు మాత్రం ఉతికినవి, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. నాకు ఇంకేం అక్కర్లేదు. అమ్మ మాత్రం బకెట్ తెప్పించి, మగ్గు మార్పించి, దోమల చుట్ట అడిగి, అప్పుడు గానీ కూర్చోలేదు.

నాకు నచ్చిందేంటంటే, అక్కడ లెక్క 24 గంటలది. అయిదుంబావుకి దిగితే మర్నాడు అయిదుంబావు దాకా గది మనదే. పెద్ద హోటళ్లలోలా మధ్యాహ్నం దాకా లాబీలో సూట్‌కేసు మీద కూర్చునే బాధ లేదు. పెద్ద గుడి, అంటే బృహదీశ్వరాలయం, మధ్యాహ్నం మూసేస్తారు, ఆ వేళకి రాళ్ల మీద కాలు పెట్టలేం కూడా. మేం పొద్దున్నే ఒకసారి వెళ్లి, నడుచుకుంటూ గదికొచ్చి ఫ్యాన్ కింద పడి నిద్రపోయి, నాలుగు దాటాక మళ్లీ వెళ్లాం. ఊరి బయట ఉంటే ఇది కుదిరేదా? 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన ఆ గుడి విమానం (గర్భగుడి మీది శిఖరం) 216 అడుగులట, పొద్దున బూడిదరంగులో ఉన్న రాయి సాయంత్రానికి బెల్లం రంగుకి తిరిగింది. దాని నీడ నేల మీద పడదని చిన్నప్పుడు బడిలో చెప్పారు. శుభ్రంగా పడుతుంది, ఆ నీడలోనే గంటసేపు కూర్చున్నాం.

రెండో రోజు కోటలో సరస్వతి మహల్ గ్రంథాలయం చూశాం. నాయక రాజుల కాలంలో ఇక్కడ ఆస్థాన భాష తెలుగు, వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజుల్లో శాహజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆ కాలపు తెలుగు తాళపత్రాలు వందల్లో ఉన్నాయి అక్కడ. మామూలుగా వెళ్లిన వాళ్లకి చూపించేది పక్కనున్న చిన్న మ్యూజియమే, అయినా వెళ్లండి.

రాత్రి రైలుకి గది ఖాళీ చేస్తుంటే, మెట్ల మీద అమ్మ నన్ను తిడుతోంది (చార్జర్ మర్చిపోయాను). కౌంటర్లో ఉన్న పెద్దాయన రెండు రోజులుగా మాతో తమిళంలోనే మాట్లాడినవాడు ఒక్కసారి తలెత్తి, "తెలుగా అమ్మా? మా ఇంట్లోనూ తెలుగే" అన్నాడు. వాళ్ల తాతల కాలం నుంచీ ఇక్కడేనట. "మాట్లాడేది వస్తది, చదివేది రాదు." బిల్లు వెనక్కి తిప్పి, తన పేరు తెలుగులో రాసి చూపించమన్నాడు. అమ్మే రాసింది, టీచరమ్మ కదా, తలకట్టు దగ్గర్నుంచీ ఒక్కో అక్షరం చెబుతూ. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, అన్నీ గుండ్రంగా ఉన్నాయే అని నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఇంకో కాగితం తీసి, రెండు పూటలా తెప్పించుకున్న కాఫీలకి అరవై రూపాయలు కలిపి కొత్త బిల్లు రాశాడు.