చెరువు పూడ్చి మళ్లీ వరి నాటాం: మా రెండెకరాల్లో ఉప్పుతో నా అనుభవం

మా రెండెకరాలు బంటుమిల్లి వైపు, కృష్ణా డెల్టా చివర్లో ఉన్నాయి. నాన్న చేతిలో ఉన్నన్నాళ్లూ సార్వా వరి, అది కోశాక మినుము. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చుట్టూ చేలు ఒక్కొక్కటే చెరువులయ్యాయి. వాటి ఉప్పునీటి ఊట దిగి మా వరి ఆకు కొసలు మాడిపోతుంటే నాన్న కూడా లీజుకిచ్చేశారు. వ్యవసాయ భూమిని రొయ్యల చెరువుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పిందని అప్పట్లో మాకు తెలియదు. తొమ్మిదేళ్ల తర్వాత, రోగాలకు వరసగా పంటలు పోయి కౌలుదారు వదిలేసి వెళ్లాడు. అప్పటికి నాన్న లేరు. మళ్లీ వరి వేద్దామని అమ్మా నేనూ అనుకున్నాం.

గట్లు కొట్టి చదును చెయ్యడానికి జేసీబీ మాట్లాడాను. రెండు రోజుల పనన్నాడు. పక్క పొలం బాబాయి వచ్చి ఆపాడు.

"తొందరపడకమ్మా. చెరువు తవ్వినప్పుడు ముందు తీసిన పైమట్టి గట్టు అడుగున పడింది. తర్వాత తీసిన జిగట మట్టి దాని మీదకెక్కింది. మీ నాన్న ఎరువేసి పెంచిన మట్టంతా ఆ గట్టు కిందే ఉంది."

అందుకని గట్టు పైభాగం ముందు గుంటలోకి తోయించి, అడుగు మట్టిని ఆఖరున పైన పరిపించాం. డీజిల్ ఖర్చు పెరిగింది. కానీ ఈ మొత్తం పనిలో అంత విలువైన సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

అంతకుముందే చెరువు అడుగు బురదను నెల రోజులు ఎండనిచ్చాం. మొదట్లో మురిగిన కోడిగుడ్డు వాసన. మిగిలిన మేత, రొయ్యల పెంట గాలాడక కుళ్లితే అలాగే ఉంటుంది. మే నాటికి చెయ్యి దూరేంత నెర్రెలిచ్చింది. నెర్రెల అంచున తెల్లటి పొర. వేలితో గీరి నాలుక మీద పెట్టుకున్నాను. కటిక ఉప్పు.

మట్టి పరీక్షకు నమూనా తీయడం నేర్చుకున్నాను. ఎకరానికి ఎనిమిది పది చోట్ల, జానెడు కన్నా తక్కువ లోతుకు, అంటే 15 సెంటీమీటర్లు, 'వి' ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి పలచగా చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలోకు తేవాలి. గట్ల పక్కన తీయకూడదు.

కాగితం వచ్చింది. పీహెచ్ 8.1. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ 3.2. ఈసీ 4 దాటితేనే పాలచౌడు, అంటే ఉప్పు పేరుకున్న నేల అని ఎక్కడో చదివాను కదా, మనది బాగానే ఉందనుకున్నాను. విత్తనాల కొట్టులో జిప్సం వెయ్యమన్నారు, రెండు టన్నులకు బేరం కూడా అయింది. ఎందుకో ఆగి, మళ్లీ ల్యాబుకి వెళ్లి అడిగాను.

"4 అనేది మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి, ఆ నీరు పిండి చూసే లెక్కమ్మా. ఇక్కడ మేం ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి చూస్తాం. ఇంత పలచన చేశాక కూడా 3.2 ఉందంటే వరి బతకదు" అన్నారు ఆ సారు. మట్టి రేణువులను పట్టుకుని ఉండే మార్పిడి సోడియం కూడా చూసి, అది 15 శాతం లోపే ఉందని, మాది కారుచౌడు కాదని చెప్పారు. సోడియం పట్టేసిన కారుచౌడుకు జిప్సం కావాలి. పాలచౌడుకు కావాల్సింది మంచినీళ్లు, ఆ నీళ్లు బయటికి పోయే దారి.

ఆ దారి కోసమే ఎక్కువ తిరిగాను. మురుగు కాలువకి వెళ్లే మా పాత బోదెను చెరువుల గట్లు మింగేశాయి. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. ఎవరూ వచ్చి చూడలేదు. చివరికి బాబాయి మధ్యవర్తిగా కూర్చుంటే, అవతలి చెరువు ఆయన తన గట్టు కింద తూము వేసుకోనిచ్చారు. పైపు ఖర్చు మాది.

అప్పటికి సార్వా అదను దాటింది. ఆ ఏడు వరి మానేశాం. కాలువ నీళ్లు పెట్టి, దమ్ము చేసి, రెండు రోజులు నిలగట్టి, తూములో వదిలేశాం. అలా నాలుగుసార్లు. మొదటిసారి వదిలిన నీళ్లు పెదవికి తగిలితే చిర్రుమంది. నాలుగోసారి చప్పగా ఉన్నాయి. తర్వాత పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగు చల్లాం. కొన్నిచోట్ల నడుమెత్తు, కొన్నిచోట్ల మోకాలెత్తు పెరిగింది. పూతకొచ్చే ముందు కలియదున్నాం.

మరుసటి ఏడు పరీక్షలో ఈసీ 1.1. మచిలీపట్నం పరిశోధనా స్థానం చౌడుకు తట్టుకునేలా రూపొందించిన ఎంసీఎం 100 వేశాం. నారు కాస్త ముదరనిచ్చి, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, దగ్గర దగ్గరగా నాటించాం. జింకు సల్ఫేటు తప్పకుండా వేశాం. ఎకరానికి 19 బస్తాలొచ్చాయి. నాన్న 30కి తగ్గేవారు కాదు. అయినా మొదటి మోపు ఇంటికి తెచ్చి అమ్మ గుమ్మానికి కంకులు కట్టింది.

పక్క చెరువు వైపు పది సెంట్లలో మాత్రం గడ్డి కూడా మొలవడం లేదు. అక్కడ ఇంకా ఊట దిగుతోంది. ఈ వేసవిలో ఆ గట్టు పొడవునా నడుం లోతు బోదె తవ్వించి, దాన్ని తూముకి కలుపుతున్నాం.