తొడ ఎముక అతికితే చాలదు, పాదం తిన్నగా ఉండాలి

హనుమకొండలో ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం నడపడం నా వృత్తి. ములుగు, జనగామ దారుల్లో బైకు ప్రమాదాలకు గురై, తొడ ఎముక విరిగి వచ్చేవారిని తరచుగా చూస్తుంటాను. కాలులో రాడ్డు వేశారని మనవాళ్లు చెప్పుకునే ఈ పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ క్యుంట్షర్ అనే వైద్యుడు ప్రారంభించారు. ఎముక లోపలి మూలుగ కాలువలోకి లోహపు కడ్డీని దింపి, అది కదలకుండా పైనా కిందా స్క్రూలు బిగించడం నేటి విధానం.

ఎముక వంకర ఎక్స్‌రేలో వెంటనే కనబడుతుంది కానీ, కింది ముక్క తన చుట్టూ తాను ఎంత తిరిగిందో అంత సులభంగా తెలియదు. ముఖ్యంగా ఎముక నుజ్జునుజ్జయినప్పుడు, ఏ అంచు ఏ అంచుకు చేరాలో చెప్పే ఆనవాలు మిగలదు. రెండు తొడల మధ్య ఈ తిరుగుడు తేడా 15 డిగ్రీలు మించితే దాన్ని సాధారణంగా లోపంగానే లెక్కిస్తారు. ఎముక చక్కగా అతికినా పాదం బయటికో లోపలికో తిరిగిపోయిన మనిషికి బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, పొలం ఒడ్ల మీద నడవడం, వంగి నాట్లు వేయడం కష్టమవుతాయి. మన ప్రాంతంలో బతుకుతెరువు ఈ పనుల మీదే ఆధారపడి ఉంది కనుక దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

ఆపరేషన్ జరుగుతుండగానే ఎముక ముక్కలు ఎక్కడున్నాయో తెర మీద చూపే కంప్యూటర్ నావిగేషన్ అసలు విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. విరిగిన చోటుకు పైనా కిందా ఎముకలో సన్నని పిన్నులు నాటి, వాటికి కాంతిని ప్రతిఫలించే చిన్న గోళాలు అమరుస్తారు. పరారుణ కెమెరా వాటి కదలికను గమనిస్తుండగా, ముందుగా తీసిన కొద్దిపాటి ఎక్స్‌రే చిత్రాల మీద కంప్యూటర్ ప్రతి ముక్క స్థానాన్నీ ఎప్పటికప్పుడు చూపిస్తుంది. బాగున్న కాలి పొడవునూ కోణాన్నీ ముందే కొలిచి పెట్టుకుంటే, విరిగిన కాలిని దానికి సరిపోల్చవచ్చు. కడ్డీ కింది చివర స్క్రూలు దిగే రంధ్రాలను వెతకడానికి మళ్లీ మళ్లీ ఎక్స్‌రే తీయవలసిన అవసరం తగ్గడం, సీసపు ఆప్రాన్ తొడుక్కుని గంటల తరబడి నిలబడే మాలాంటి వారికి ఎంతో మేలు.

అయితే కెమెరాకూ గోళాలకూ మధ్య ఎవరైనా అడ్డు వస్తే కొలత ఆగిపోతుంది. పిన్ను వదులైతే తెర మీది అంకెలన్నీ తప్పుతాయి. సమయమూ ఖర్చూ పెరుగుతాయి. అందుకే ప్రతి విరుపుకూ ఇది అవసరమని నేను అనను.

ఈ సదుపాయం లేని చోట, ఆపరేషన్ తరువాత అనుమానం ఉంటే రెండు కాళ్లకూ తుంటి దగ్గర, మోకాలి దగ్గర సీటీ స్కాన్ తీసి కోణాలను పోల్చాలి. తేడా తొలి రోజుల్లోనే తెలిస్తే ఒక చివరి స్క్రూలు తీసి, కాలిని సరిచేసి, మళ్లీ బిగించవచ్చు. ఎముక అతికిన తరువాత తెలిస్తే దాన్ని మళ్లీ కోయవలసి వస్తుంది.