ఏడాదికో ఆరాధన నుంచి నెలకో కచేరీకి

పుష్య బహుళ పంచమి వస్తే చాలా కాలనీల్లో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పొద్దున పంచరత్నాల గోష్ఠిగానం, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం ఒక కచేరీ. ఆ తర్వాత జంఖానాలు మళ్లీ ఏడాది దాకా అటకెక్కుతాయి. ఆ ఒక్క రోజునీ నెలనెలా జరిగే కచేరీగా మార్చుకోవాలనుకునేవాళ్లు మొదట చేసే పొరపాటు, బాగా పేరున్న విద్వాంసుణ్ణి తెచ్చి ఆర్భాటంగా మొదలుపెట్టడం. మొదటి నెల హాలు కిక్కిరిసిపోతుంది. రెండో నెల సగానికి పడుతుంది. నాలుగో నెలకి నిర్వాహకులూ, మొహమాటానికి వచ్చిన వాళ్ల చుట్టాలూ మిగులుతారు.

వారం, వేళ, చోటు మారకూడదు. రెండో శనివారం అనుకుంటే ఇక అదే, పెళ్లి ముహూర్తాలున్నా సరే. ఆరుంపావుకి మొదలు, ఎనిమిదింపావుకి మంగళం. తొలి ఆరు నెలలూ ఊళ్లోని యువ గాయకులనే పిలవాలి. శ్రోతలకి అలవాటు కుదిరేదాకా పెద్ద పేర్ల జోలికి పోకపోవడమే మేలు.

అసలు త్యాగరాజు సమాధి ఉన్న తమిళనాడు తిరువయ్యూరులోని ఆరాధనే ఒక్కరోజులో ఇంతది కాలేదు. త్యాగరాజు సిద్ధి పొందింది 1847లో. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడ రెండు వర్గాలు విడివిడిగా ఉత్సవాలు చేసుకునేవి, స్త్రీలకి పాడే అవకాశమే లేదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1920లలో సమాధి మీద గుడి కట్టించి, స్త్రీలతో వేరుగా ఉత్సవం మొదలుపెట్టింది. వర్గాలన్నీ ఒక్కటైంది 1940ల నాటికి. అందరూ కూర్చుని అయిదు పంచరత్న కృతులూ కలిసి పాడే పద్ధతి స్థిరపడింది కూడా ఆ కలయిక తర్వాతే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఉత్సవం సైతం 1978లో చిన్న కూడికగానే మొదలైంది.

ఇక హాలు సంగతి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు ఉన్న కమ్యూనిటీ హాలు అనుకుందాం. పన్నెండడుగులకి ఎనిమిదడుగుల వేదిక వేస్తే సుమారు 500 చదరపు అడుగులు మిగులుతుంది. కింద కూర్చునే మనిషికి ఏడు చదరపు అడుగులు కావాలి. లెక్కకి 70 మంది పడతారు గాని, దారి వదిలి, గోడవార పెద్దవాళ్లకి పది పన్నెండు కుర్చీలు వేస్తే 55 మందికే సుఖం. వేదిక అడుగు ఎత్తుంటే చాలు.

కూర్చోబెట్టడంలో ఒక మర్మం ఉంది. గాయకుడు మధ్యన, శ్రోతలకి ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్. అప్పుడు మృదంగం కుడి మూత శ్రోతల వైపు ఉంటుంది. ఎడమచేతి వాటం మృదంగ విద్వాంసుడైతే వయొలిన్‌తో చోటు మార్చాలి. పళని సుబ్రహ్మణ్య పిళ్ళై అంతటి వాడికీ ఈ చోటు పేచీ తప్పలేదు. ముందే అడిగి తెలుసుకుంటే వేదిక మీద మొహాలు చూసుకునే పని ఉండదు.

ముందే అడగాల్సింది ఇంకొకటి, శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి. ఒకటో శ్రుతి అంటే హార్మోనియం మీద సి. మగవాళ్లు ఎక్కువగా ఒకటికీ రెండుకీ మధ్య, ఆడవాళ్లు అయిదూ అయిదున్నర దగ్గర పాడతారు. తగ్గు శ్రుతికి పెద్ద మృదంగం, హెచ్చు శ్రుతికి చిన్నది. "పాట కచేరీ, రండి" అని మాత్రమే ఫోన్‌లో చెబితే మృదంగం ఆయన ఒకటిన్నర శ్రుతి వాయిద్యం పట్టుకొస్తాడు, అమ్మాయి అయిదున్నరకి పాడుతుంది. ఎంత బిగించినా ఆ చర్మం అంత పైకి రాదు, బలవంతం చేస్తే మూత చిరుగుతుంది. కాబట్టి కళాకారులకి పంపే వాట్సాప్ సందేశంలో తేదీ, వేళ, శ్రుతి మూడూ ఉండాలి.

ఏసీ కచేరీకి గంట ముందే వేసి, మంగళం దాకా కదపకూడదు. గాలిలో తేమ తగ్గితే చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుంది, తేమ పెరిగితే దిగిపోతుంది. ఎవరికో చలేసిందని ఏసీ కట్టేసి, చెమట పట్టిందని మళ్లీ వేస్తే, మృదంగం ఆయన ప్రతి కృతికీ రాయీ కర్రా తీసి అంచు కొట్టుకుంటూ కూర్చోవాలి. ఎడమవైపు తొప్పికి అద్దే బొంబాయి రవ్వ ముద్ద కూడా ఏసీ గాలి నేరుగా తగిలితే ఎండి పెచ్చులూడుతుంది. ఓ గిన్నెలో నీళ్లూ, తుడుచుకోవడానికి పాత గుడ్డా పక్కన పెట్టండి. ఏ వసతుల పట్టికలోనూ ఇది కనబడదు.

55 మందికి మైకులు మూడు చాలు. గాయకుడికి షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు, నోటికి ఆరేడు అంగుళాల దూరంలో. వయొలిన్‌కి అడుగు ఎత్తున ఒకటి. మృదంగానికి తొప్పి వైపు ఒక్కటి, అదీ తక్కువ శబ్దంలో. కుడివైపు మోత హాలంతా దానంతటదే వినబడుతుంది. సౌండ్ వాళ్లు పెళ్లిళ్ల అలవాటులో రెండువైపులా మైకులు పెట్టి, పాట వినబడటం లేదని గాయకుడి మైకు పెంచి, అది కీచుమంటే స్పీకర్లు వెనక్కి జరుపుతారు. గొడవంతా ఆ అనవసరపు మైకు దగ్గర మొదలైంది. పెద్ద హాలుకి మారి రెండు మైకులూ తప్పనప్పుడు, మిక్సర్‌లో ఒకదాని ఫేజ్ తిప్పి వినండి. రెండూ ఎదురెదురు మూతల నుంచి ఒకే దెబ్బని అందుకుంటాయి గనక, ఒక్కోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుని గుమికి, అంటే తొప్పి మీద పలికే గంభీరమైన నాదం, పలచబడిపోతుంది. కండెన్సర్ మైకు తెస్తే మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ మీట వేయాలి, శబ్దం హెచ్చుతగ్గులు చేసే ఫేడర్ దించాకే వేయాలి. లేకపోతే ముందు వరసలో తాతగారు ఉలిక్కిపడతారు.

గుయ్యిమని మోత వస్తోందంటే తంబురా పెట్టె మీద అనుమానపడేముందు, సీరియల్ దీపాలూ ఫోన్ ఛార్జర్లూ సౌండ్ పెట్టె ఉన్న లైను మీదే ఉన్నాయేమో చూడండి. ఒక ప్లగ్ పాయింటు పూర్తిగా సౌండ్‌కే వదిలేయాలి.

డాబా మీద పెట్టుకుంటే రాతపూర్వక అనుమతి కావాలి. శబ్దకాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. రికార్డింగ్ నెట్‌లో పెట్టేముందు మరో మాట. అన్నమయ్య పదం పాతదే గాని, బాణీ కట్టినవాళ్లు నిన్నమొన్నటివాళ్లు కావచ్చు, దాని మీద వాళ్లకి హక్కులుండొచ్చు.

డబ్బు దగ్గర నెలనెలా వసూలు పద్ధతి నిలవదు. తలుపు తట్టేవాడే ముందు విసిగిపోతాడు. ఏడాదికోసారి తీసుకోవాలి. ఉదాహరణకి 80 కుటుంబాలు, మూడేసి వేలు: నెలకి 20,000. గాయకుడికి 8,000, పక్కవాయిద్యాలకి నాలుగేసి వేలు, సౌండ్‌కి 2,500, టిఫినూ ఆటోలూ 1,000 పోగా మిగిలేది 500. దాతల ఫ్లెక్సీ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా ఇక్కడే. ఫ్లెక్సీ వెనకే శాలువా, శాలువా వెనకే ప్రసంగం వస్తాయి. సన్మానం కచేరీ మధ్యలో కాదు, మంగళం అయ్యాక, అయిదు నిమిషాలు. కవర్లు మాత్రం కచేరీకి ముందే రాసి ఉండాలి, పక్కవాయిద్యాల వాళ్లని "ఆన్‌లైన్‌లో పంపుతాం" అని పంపించకూడదు.

ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి నెలా తేదీ, శ్రుతి, పాడిన రాగాలు రాసుకోండి. తర్వాత నెల వచ్చేవాళ్లకి ఆ పేజీ ఫొటో పంపితే వరసగా మూడు నెలలు కల్యాణి వినే బాధ తప్పుతుంది. జనాన్ని ఆరుంపావుకి కాదు, ఏడున్నరకి, అంటే మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మధ్యలో లెక్కపెట్టండి. తని మొదలవగానే లేచేవాళ్లని ఆపలేం గాని, కాఫీ డ్రమ్ము మంగళం దాకా హాలు వెనకాల తాళం వేసిన గదిలో ఉంచొచ్చు.