మిట్టమధ్యాహ్నపు రంగులు

ఫిబ్రవరి 27, తిరుపతి

పన్నెండున్నర ప్రాంతంలో మిద్దె మీద చింతపండు ఆరబోస్తుండగా, తిరుచానూరు దిక్కున ఒక పలుచని పింజమబ్బు ఉన్నట్టుండి రంగులు తేలింది. పై అంచున ఎరుపు, దాని కింద పసుపు, ఆకుపచ్చ, అడుగున ఊదా కలిసిన నీలం. అవన్నీ వంపన్నదే లేకుండా నేలకు సమాంతరంగా, పట్టుచీర అంచులా పరచుకున్నాయి. "వాన లేకుండానే హరివిల్లు ఎట్లొచ్చింది నాయనా?" అని పక్క మిద్దె మీది అవ్వ అడిగింది.

అది హరివిల్లు కాదు. హరివిల్లు సూర్యుడికి ఎదురుదిక్కున పడుతుంది. సూర్యుడు 42 డిగ్రీలు దాటి పైకెక్కితే నేల మీద నిలబడ్డవారికి కనిపించదు. ఇది సూర్యుడున్న వైపే, చేయి చాచి కొలిస్తే రెండు జానల దిగువన ఉంది. నీళ్ళ ట్యాంకు చాటున సూర్యుణ్ణి మరుగుపరచి అవ్వకు కూడా కొలిచి చూపించాను. ఆ మబ్బులో ఉండేవి నీటి బిందువులు కావు, ఆరు పలకల మంచు బిళ్ళలు. అవి గాలిలో బల్లపరుపుగా తేలుతున్నప్పుడు, నిట్టనిలువు పక్కముఖం గుండా చొచ్చుకుపోయిన వెలుగు అడుగుముఖం నుంచి బయటపడుతూ రంగులుగా విడిపోతుంది. ఆ రెండు ముఖాల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు కావడం వల్ల రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఇంత తేటగా కనిపిస్తాయి.

దీనికి సూర్యుడు కనీసం 58 డిగ్రీల ఎత్తున ఉండాలి. ఉత్తర ఐరోపాలో చాలా చోట్ల ఏడాది పొడవునా సూర్యుడు అంత ఎత్తుకు రాడు. మన తిరుపతిలో జనవరి చివరి నుంచి నవంబరు మధ్య వరకు ప్రతి మధ్యాహ్నం వస్తాడు. ఇంతటి భాగ్యం నెత్తి మీదే ఉండగా, ఎండకు జడిసి మనం తల వంచుకునే నడుస్తాం. అదే నాకు బాధ. ఇక్కడికి దగ్గరలోని గాదంకిలో శాస్త్రవేత్తలు లేజరు కిరణాలను పైకి పంపి ఇటువంటి మబ్బులనే పరిశీలించారని తెలిసినప్పటి నుంచి, పింజమబ్బు కనిపిస్తే చాలు, నా చూపు అటే పోతుంది.

ఐదారు నిమిషాల్లో మబ్బు జరిగింది, రంగులు పోయాయి. ఏప్రిల్ చివరికి మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా జరుగుతాడు. మరీ నడినెత్తికి చేరితే బిళ్ళల పక్కముఖంలోకి వెలుగు సరిగా చొరబడదు. కనుక జూన్‌లో పదకొండు కావస్తుండగా, ఈశాన్యాన కరకంబాడి వైపు కొండల మీదుగా చూడాలి.