చెంగ్డూలో ఒక గిన్నె టీ, ఒక పూట

చైనా వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా బీజింగ్ దగ్గరి గోడ గురించో, షాంఘై మేడల గురించో చెబుతారు. చైనావాళ్లు మామూలు రోజు ఎలా గడుపుతారో చూడాలంటే మాత్రం, నన్నడిగితే, సిచువాన్ ప్రావిన్స్ రాజధాని చెంగ్డూ వెళ్లాలి. రెండు కోట్ల పైచిలుకు జనమున్న ఊరు. అయినా వారం మధ్యలో పట్టపగలు పార్కుల్లో వెదురు కుర్చీలు ఖాళీ ఉండవు. చూడాల్సినవాటి జాబితా పట్టుకుని పరుగులు తీస్తే ఈ ఊరు అందదు. ఎక్కడో ఒకచోట స్థిమితంగా కూర్చోవాలి. అలా కూర్చోవాలంటే ముందు ఫోను సిద్ధం చేసుకోవాలి.

అక్కడ కూరగాయల దుకాణం నుంచి మెట్రో దాకా అంతా క్యూఆర్ కోడ్ మీదే నడుస్తుంది. యూపీఐ అలవాటున్న మనకి ఇందులో వింతేమీ లేదు గానీ మన యాప్‌ల మీద ఆశ పెట్టుకుని వెళ్లకూడదు. అలీపే గానీ వీచాట్ గానీ కావాలి, కొత్తవాళ్లకి అలీపే సుళువు. మన మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తిచేసి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ జత చేయాలి. రూపే కార్డు వద్దు. మన బ్యాంకులిచ్చే చాలా కార్డులకి విదేశీ లావాదేవీలు ఆఫ్ చేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. కార్డు జత చేసేటప్పుడు ఓటీపీ వస్తుంది. అక్కడికి వెళ్లాక రోమింగ్ లేని సిమ్‌కి ఆ ఓటీపీ రాదు, పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇదంతా ఇంట్లో ఉండగానే ముగించాలి. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అలీపే రుసుము తీసుకోదు, దాటితే 3 శాతం పడుతుంది. బ్యాంకువాళ్లు వేసుకునే మార్పిడి రుసుము వేరే. యువాన్ సుమారు 12, 13 రూపాయలనుకుంటే లెక్క సరిపోతుంది.

చెల్లించడానికి రెండు పద్ధతులు. దుకాణం కోడ్‌ని మనం స్కాన్ చేసి అంకె కొట్టడం మనకి తెలిసిందే. రెండోది, మన ఫోన్‌లోని కోడ్ చూపిస్తే దుకాణదారు యంత్రంతో చదవడం. సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా ఇదే. ఆ కోడ్ నిమిషం తిరగకుండానే మారిపోతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే పనికిరాదు. తోపుడుబండ్లవాళ్లు కొందరు సొంత ఖాతా కోడ్ పెట్టుకుంటారు. విదేశీ కార్డు జత చేసిన ఖాతా నుంచి దానికి డబ్బు వెళ్లకపోవచ్చు. పది, ఇరవై నోట్లలో రెండు మూడు వందల యువాన్లు జేబులో ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో గానీ, ప్రయాణికుల ఈసిమ్‌తో గానీ తెరుచుకుంటాయి, ఎందుకంటే ఆ డేటా చైనా బయటి నెట్‌వర్క్ గుండా పోతుంది. గూగుల్ మ్యాప్స్ తెరుచుకున్నా దాన్ని నమ్మొద్దు. చైనా పటాలు వాడే అక్షాంశ రేఖాంశాల పద్ధతి వేరు, దాంతో మనం నిలబడ్డ చోటు కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి కనిపిస్తుంది. ఆమ్యాప్ యాప్‌లో ఇంగ్లీషు ఉంది, అది చాలు.

దేశమంతటికీ బీజింగ్ టైమే, మనకంటే రెండున్నర గంటలు ముందు. చెంగ్డూ పడమటి వైపు ఉన్న ఊరు కావడంతో జనవరిలో సూర్యోదయానికి ఎనిమిదవుతుంది. ఆ సూర్యుడు కూడా మబ్బుల చాటునే. ఈ ప్రాంతంలో ఎండ ఎంత అరుదంటే, సూర్యుణ్ని చూసి కుక్కలు మొరుగుతాయని పాత సామెత ఒకటుంది. తెల్లవారుజామునే లేచి పార్కుకి పరుగెత్తడం చలికాలంలో దండగ. తొమ్మిదింటికి వెళ్తే జనం నిండుగా ఉంటారు.

మెట్రో రెండో లైన్‌లో పీపుల్స్ పార్క్ స్టేషన్ దిగితే పార్కు పక్కనే. టికెట్టు లేదు. 1911లో రైలు మార్గాల జాతీయీకరణకి ఎదురుతిరిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల స్మారక స్తంభం ఇక్కడే ఉంది. ఆ గొడవ చివరి రాజవంశం కూలడానికి ఒక కారణమైంది. స్తంభాన్ని చూసి ఎవరూ ఆగరు, దాని చుట్టుపక్కలే ఊరంతా ఉంటుంది. ఒక మూల నెమ్మదిగా కదిలే తాయ్ చీ వ్యాయామం, ఇంకో మూల ఈకల బంతిని కాలితో తన్నే ఆట. పొడుగాటి కుంచెని నీళ్లలో ముంచి నేల మీద అక్షరాలు రాసే పెద్దాయన చుట్టూ నలుగురు నిలబడి గీత బాగుందో లేదో చర్చిస్తుంటారు. మొదటి వరస ఆరేలోపు నాలుగో వరస పూర్తవుతుంది.

పెళ్లిసంబంధాల మూల తెలుగువాళ్లకి బాగా అర్థమవుతుంది. కాగితాల మీద పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, ఉద్యోగం, సొంత ఇల్లుందా లేదా రాసి వరసగా వేలాడదీస్తారు. వచ్చేది అమ్మానాన్నలే, పిల్లలు కనపడరు. మన ఆదివారం పేపర్లో వధూవరుల పేజీ ఉన్నట్టే, కులం గడి మాత్రం లేదు. చదవండి గానీ ఫొటోలు తీయకండి. అవి వాళ్ల పిల్లల వివరాలు.

ఇక టీ. ఈ పార్కులోనే 1923లో మొదలైన హమింగ్ టీశాల ఉంది, కొలను పక్కన, చెట్ల కింద. బల్ల వెతుక్కుని కూర్చోవాలి. ఒక్కో మనిషికి ఒక్కో గిన్నె, రకాన్ని బట్టి ఇరవై, ముప్ఫై యువాన్ల నుంచి మొదలు. ఖరీదు ఆకుకే. వేడినీళ్లు ఎన్నిసార్లు పోయించుకున్నా డబ్బు అడగరు, లేచి వెళ్లమని ఎవరూ అనరు. నాకు చెంగ్డూలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇంకేమీ కొనకుండా పూటంతా కూర్చోనిచ్చే చోటు పెద్ద ఊళ్లలో ఎంత అరుదో మనకి తెలుసు.

గిన్నెకి మూడు భాగాలు: కింద సాసర్, మధ్యలో పిడి లేని గిన్నె, పైన మూత. గిన్నెని నేరుగా పట్టుకుంటే వేళ్లు కాలతాయి. సాసర్‌తో సహా ఎత్తి, బొటనవేలితో అంచుని ఆనించి, రెండో చేత్తో మూతని కొంచెం వాల్చాలి. ఆ సందులోంచి తాగితే ఆకు నోట్లోకి రాదు. నీళ్లు పోసిన వెంటనే తాగితే రుచీ ఉండదు, ఆకంతా పైనే తేలుతుంది. రెండు మూడు నిమిషాలాగి, మూత అంచుతో నీళ్ల మీద ఒకసారి వెనక్కి తోస్తే ఆకు దిగుతుంది. పాలు, పంచదార ఉండవు, అడగొద్దు కూడా. స్థానికులు ఎక్కువగా తాగేది మల్లెపూల టీ, మనవాళ్లకి మొదట నచ్చేదీ అదే. అమెయ్ కొండల నుంచి వచ్చే పచ్చటి ఆకు టీ తీసుకుంటే మాత్రం మూత పూర్తిగా బిగించకూడదు. ఆవిరికి ఆకు ఉడికిపోయి, నీళ్లు పసుపెక్కి చేదొస్తుంది. గిన్నె ఎప్పుడూ అడుగు దాకా ఖాళీ చేయొద్దు. మూడో వంతు మిగిల్చి మళ్లీ నీళ్లు పోయించుకుంటే నాలుగైదు విడతలు రుచి నిలుస్తుంది. మూత తీసి గిన్నె అంచుకి ఆనించి పెడితే నీళ్లు కావాలని గుర్తు. చాలాచోట్ల ఆ బాధ కూడా లేకుండా పెద్ద థర్మాస్ ఫ్లాస్క్ బల్ల పక్కనే వదిలేసి పోతారు.

కూర్చున్న కాసేపటికి లోహపు పట్టకారు టింగుమని మోగించుకుంటూ చెవులు శుభ్రం చేసేవాళ్లు వస్తారు. సన్నటి గరిటెలు, బాతు ఈకలు, చివర్లో కంపించే పట్టకారు. ముందే ధర మాట్లాడుకోవాలి, ఒక్కో పనిముట్టుకీ ఒక్కో రేటు కలిపేవాళ్లు ఉన్నారు. అదే గరిటె ఎందరి చెవుల్లోనో తిరుగుతుంది కాబట్టి కొత్తవి విప్పి వాడేవాళ్లైతేనే కూర్చోండి. చెవిపోటు, చీము చరిత్ర ఉన్నవాళ్లు పక్కవాళ్లకి చేస్తుంటే చూసి ఆనందిస్తే చాలు.

పక్క బల్ల మీద మాజాంగ్ అనే పలకల ఆట ఆడుతుంటారు. చెంగ్డూ ఆట వేరు: 108 పలకలతో, ఒకరు గెలిచినా ఆపకుండా ముగ్గురు గెలిచేదాకా సాగుతుంది. ఓడిన ఆ ఒక్కరి మొహం చూడాలి.

తిండి దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బతింటారు. మిరపకాయ అంటే భయం లేదు కదా అని ధైర్యంగా వెళ్తారు. కారం పెద్ద సమస్య కాదు. ఖమ్మం, గుంటూరు తేజ మిర్చి టన్నుల కొద్దీ చైనాకే పోతోంది, అక్కడి ఎరుపులో మన వాటా కూడా ఉంది. ఇబ్బంది పెట్టేది సిచువాన్ మిరియం. ఇది మన మిరియం జాతి కాదు, నిమ్మ కుటుంబపు చెట్టు. ఎండిన కాయ పైపొట్టులోని సాన్‌షూల్ అనే పదార్థం పెదాల్ని, నాలుకని జిల్లుమనిపించి తిమ్మిరెక్కిస్తుంది. నీళ్లు తాగితే తగ్గదు. పది పదిహేను నిమిషాల్లో దానంతటదే పోతుంది. కాయ కాయగా కొరకకుండా పక్కకి తీసేయడమే ఉపాయం.

రెండోది శాకాహారం. కూరగాయల వంటకమని చెప్పినా అందులో పంది కొవ్వు, కోడి రసం పొడి, పైన చల్లిన కీమా ఉండొచ్చు. వంటవాడి దృష్టిలో అవి మాంసం లెక్కలోకి రావు, రుచికోసం వేసినవి. ‘మాంసం తినను’ అంటే చాలదు. పంది నూనె, మాంసం రసం, కోడి పొడి వద్దని విడివిడిగా చైనీసులో రాసి ఫోన్‌లో పెట్టుకుని చూపించాలి. తీపీ కారం కలిసిన లావు నూడుల్స్ (తియెన్‌ష్వెయ్ మియెన్), బఠాణీ పిండి జెల్లీకి మిరపనూనె పట్టించిన ల్యాంగ్‌ఫెన్, బెల్లం పాకం పోసిన చల్లటి బింగ్‌ఫెన్ మామూలుగా శాకాహారమే. పూర్తి నిశ్చింత కావాలంటే వెన్‌షూ మఠంలో బౌద్ధుల భోజనశాల ఉంది. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నూడుల్స్ కొట్లో ‘ల్యాంగ్’ లెక్కన అడగాలి. ఒక ల్యాంగ్ 50 గ్రాములు. చిరుతిండికి ఒకటి, పొద్దుటి పూటకి రెండు, ఆకలి మీదుంటే మూడు.

హాట్‌పాట్, అంటే బల్ల మీద మసిలే రసంలో ముక్కలు ముంచి ఉడికించుకుని తినే భోజనం, తినకుండా ఎవరూ రారు. సిచువాన్ ఎర్ర రసానికి అసలు ఆధారం ఎద్దు కొవ్వు, చల్లారితే మైనంలా గడ్డకడుతుంది. గొడ్డు మాంసం తిననివాళ్లు ఆవనూనె జాతి నూనెతో చేసే ‘చింగ్‌యో’ రసం ఉన్న హోటలు ముందే చూసుకోవాలి. అక్కడా తెల్ల రసంలో ఏముందో అడగాలి, మామూలుగా ఎముకల రసమే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఎరుపు, తెలుపు సగం సగం గిన్నె చెప్పండి. ముంచుకోవడానికి నువ్వుల నూనెలో దంచిన వెల్లుల్లి, కొత్తిమీర. నూనె మీద నూనె ఏమిటని అనిపిస్తుంది గానీ అది మసిలే ముక్కని చల్లార్చి కారాన్ని మెత్తబరుస్తుంది. సన్నగా కోసిన పేగు, పొట్ట ముక్కలకి పదిహేను సెకన్లు చాలు, మరిచిపోతే రబ్బరే. బంగాళాదుంప పలకలకి నాలుగైదు నిమిషాలు. ఆకుకూరలు ఎర్ర రసంలో వేయొద్దు. అవి నూనెని, మిరియాన్ని ఒడిసిపట్టి నోటికి తెస్తాయి. ఆరు దాటితే వరస నంబరు తీసుకుని బయట ముక్కాలిపీట మీద కూర్చోవాల్సిందే, ఐదున్నరకే వెళ్లండి.

తిన్నాక నడవాలి. ఏడున్నరకల్లా ప్రతి ఖాళీ స్థలంలో పెద్దవాళ్ల నాట్యం మొదలవుతుంది. ముందు వరసలో అడుగులు తెలిసినవాళ్లు, వెనకవాళ్లు చూసి అనుసరించేవాళ్లు. చివరి వరసలో మీరు చేరినా ఎవరూ వింతగా చూడరు. మోత మీద చుట్టుపక్కల ఇళ్లవాళ్ల గొడవలు ముదిరి, 2022 జూన్‌లో అమల్లోకొచ్చిన శబ్దకాలుష్య చట్టంలో ఈ నాట్యాలకీ నియమాలు పెట్టారు. తొమ్మిది అయ్యేసరికి స్పీకర్లు సర్దేస్తారు.

దగ్గర దూరాలకి అద్దె సైకిళ్లు హాయి. నీలం, పసుపు, ఆకుపచ్చ సైకిళ్లు రోడ్డు పక్కనే ఉంటాయి, నీలం హలో సైకిల్‌ని అలీపేతోనే తీయొచ్చు. దిగాక తెల్ల గీతల లోపల పెట్టి తాళం వేయాలి. బయట వదిలేస్తే అదనంగా డబ్బు కోస్తారు. మెట్రోలో కనీస చార్జీ 2 యువాన్లు, ప్రతి స్టేషన్‌లో సంచి ఎక్స్‌రే యంత్రంలో పెట్టాలి, చేతిలో నీళ్ల సీసా ఉంటే ఒక గుక్క తాగి చూపించమంటారు.

రైళ్లు రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతాయి. ఆ తర్వాత అలీపేలోనే దీదీ తెరిచి కారు పిలవొచ్చు. ఎక్కగానే డ్రైవరు మన ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతాడు. చైనీసులో చెప్పలేకపోతే తెర మీద చూపిస్తే చాలు. ఎక్కువగా ఎలక్ట్రిక్ కార్లే వస్తాయి, మన దగ్గర ఉన్నట్టే ఆకుపచ్చ నంబరు ప్లేటుతో. విమానాశ్రయానికైతే టికెట్టు మీద షువాంగ్‌ల్యూ అనుందో, 2021లో తెరిచిన తియెన్‌ఫూ అనుందో చూసి మరీ పిలవండి. రెండోది ఊరికి చాలా దూరం, అక్కడికి 140 కిలోమీటర్ల వేగంతో పోయే పద్దెనిమిదో మెట్రో లైన్ నడిచే వేళల్లో కారు అనవసరం.