కళింగపట్నం మొగ దగ్గర కెరటాల లెక్క: మార్చి నుంచి ఆగస్టు దాకా

ఈ సీజన్ నోట్‌బుక్ దాదాపు నిండింది, అందుకని పనికొచ్చేవన్నీ ఇక్కడ పెడుతున్నాను. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే సర్ఫింగ్‌కి, అంటే బోర్డు మీద నిలబడి కెరటాల మీద జారడానికి, బోర్డు కట్టుకుని కళింగపట్నం వెళ్లేవాళ్లు ఇప్పుడిప్పుడే ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే, ఫోన్‌లో కెరటాల ఎత్తు 1.2 మీటర్లు చూపిస్తోంది, వెళ్లొచ్చా అని. ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. నా నోట్‌బుక్‌లో 1.2 మీటర్లు అని రాసిన రోజుల్లో అద్భుతమైన రోజులూ ఉన్నాయి, బోర్డు తడపకుండా తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. తేడా అంతా ఆ అంకె పక్కన ఉండే సెకన్లలో ఉంది.

ముందు చోటు గురించి. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర రాతి ముక్కు ఏదీ లేదు కాబట్టి దీన్ని ఖచ్చితంగా పాయింట్ బ్రేక్ (ముక్కు దగ్గర మొదలై ఒడ్డు వెంబడి విరిగే కెరటం) అనలేం. చెన్నై పక్క కోవళంలో, మహాబలిపురంలో కెరటం ఒక మూల దగ్గర విరగడం మొదలుపెట్టి ఒడ్డు వెంబడి ఉత్తరంగా సాగిపోతుంది, ఇక్కడ ఆ మూల పని ఏటి ఇసుక చేస్తుంది, దిబ్బ సరిగ్గా కుదిరితే కుడివైపు మంచి పొడుగు కెరటం దొరుకుతుంది. కానీ ఇసుక కదా, ఒక్కచోట నిలవదు. నైరుతి గాలులు ఉన్నన్నాళ్లూ ఒడ్డు వెంబడి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది, ఏటికి వరదొస్తే మొగ ఆకారమే మారిపోతుంది. నిరుడు బాగా విరిగిన చోటు ఈ ఏడు చదునుగా ఉండొచ్చు. అందుకే వెళ్లగానే నీళ్లలోకి దిగను, పావుగంట ఒడ్డున నిలబడి చూస్తాను.

ఆ పావుగంటలో చేసే పని ఒకటుంది, ఎవరైనా చేయొచ్చు. దూరంగా విరుగుతున్న ఒక చోటు ఎంచుకుని, అక్కడ ఒక కెరటం విరగగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, అది కాకుండా మరో పది కెరటాలు విరిగే దాకా చూసి, వచ్చిన సెకన్లని పదితో భాగించాలి. అదే పీరియడ్, ఫోన్‌లో ఎత్తు పక్కన కనిపించే సెకన్లు. డెబ్భై సెకన్లు వస్తే ఏడు, అంటే దగ్గరలో గాలి రేపిన కెరటం, గజిబిజిగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తుంది. నూట నలభై వస్తే పద్నాలుగు, అది ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టి వచ్చినది. లోతు నీళ్లలో ఏడు సెకన్ల కెరటం పొడవు 76 మీటర్లు, పద్నాలుగు సెకన్లదైతే 300 మీటర్లు దాటుతుంది. కెరటం తన పొడవులో సగం లోతు రాగానే అడుగుని తాకడం మొదలుపెడుతుంది కాబట్టి పొడుగుది ఎంతో ముందు నుంచే నేలని పట్టుకుని, వేగం తగ్గించుకుంటూ, ఒడ్డు దగ్గర బాగా లేస్తుంది. ఫోన్‌లో రెండూ 1 మీటరే, నీళ్లలో మాత్రం అస్సలు ఒకటి కాదు.

ఫోర్కాస్ట్ ఎక్కడ చూస్తానంటే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్ల సూచన, దానితో పాటు విండీ అనే వాతావరణ యాప్. విండీలో మొత్తం కెరటాల పటం కాకుండా స్వెల్ 1, స్వెల్ 2 (స్వెల్ అంటే దూరంలో పుట్టి నడిచొచ్చే కెరటాలు), ఇక్కడి గాలి కెరటాలు విడివిడిగా తెరిచి చూడాలి, మొత్తం అంకె అన్నిటినీ కలిపేస్తుంది. ఇంకోటి, ఆ ఎత్తు అనేది మొత్తం కెరటాల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతుకి కట్టిన సగటు, అప్పుడప్పుడు వచ్చే సెట్ (వరసగా వచ్చే పెద్ద కెరటాల గుంపు) దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని దిగాలి.

ఇక దిక్కు. ఈ సీజన్‌లో నాకు బాగా అర్థమైంది ఇదే, నాకు చాలా ఆనందం ఇచ్చిందీ ఇదే. మ్యాప్ మీద కళింగపట్నం నుంచి శ్రీలంక ఆగ్నేయ మూలకి గీత గీస్తే, ఉత్తరాన్ని సున్నాగా పెట్టుకుని తూర్పు మీదుగా లెక్కిస్తే, సుమారు 190 డిగ్రీలు వస్తుంది, సుమత్రా ఉత్తరపు కొనకి గీస్తే 140 దగ్గర. ఆ రెండు గీతల మధ్య ఉన్నదే మన కిటికీ. హిందూ మహాసముద్రంలో స్వెల్ 210, 220 నుంచి నడుస్తుంటే శ్రీలంక అడ్డం పడుతుంది, దాన్ని చుట్టుకుని వచ్చే కొంచెమే మనదాకా చేరుతుంది. 180 చుట్టూ ఉంటే అడ్డేమీ లేదు. పద్నాలుగు సెకన్ల స్వెల్ గంటకి 39 కిలోమీటర్ల లెక్కన నడుస్తుంది, అంటే 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర తుపాను రేగితే దాని కెరటం మన ఒడ్డుకి చేరడానికి వారం. పద్దెనిమిది సెకన్లది ఇంకా జోరుగా, ఒకటిన్నర రోజు ముందే వచ్చేస్తుంది. అందుకే సూచనలో 0.4 మీటర్లు, 18 సెకన్లు అని చిన్నగా కనిపించిన రోజున నేను మర్నాటికి, ఆ మర్నాటికి సెలవు సంగతి చూసుకుంటాను.

నెలల వారీగా చెప్పాలంటే, మార్చిలో పెద్దగా ఏమీ లేదు, నడుము లోతులో బోర్డు మీద లేవడం సాధన చేశాను, అంతే. ఏప్రిల్ మధ్య నుంచి మొదలైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర బోట్లకి వేట నిషేధం కాబట్టి నీళ్లలో బోట్ల తాకిడి కూడా తక్కువ. మే మొత్తం తెల్లవారుజామే. మన ఒడ్డు ఆగ్నేయానికి చూస్తుంది, రాత్రి చల్లబడిన నేల మీద నుంచి వాయవ్య గాలి పొద్దున కాసేపు సముద్రం వైపు వీస్తుంది, ఆ కాసేపే కెరటం ముఖం గాజులా ఉంటుంది. కెరటం పెదవి, అంటే విరిగే పైఅంచు, దగ్గర నుంచి నీటి తుంపర వెనక్కి ఎగురుతూ కనిపిస్తే గాలి సరిగ్గా ఉన్నట్టే. ఎండ ఎక్కేకొద్దీ గాలి తిరుగుతుంది, ఒడ్డుకి అడ్డంగా నైరుతి పట్టుకున్నాక నీళ్లన్నీ చిందరవందర. మేలో మంచి కెరటాలన్నీ నాకు ఏడున్నర లోపే దొరికాయి, ఎనిమిది తర్వాత నోట్‌బుక్‌లో రాసుకోదగ్గది ఏదీ లేదు. ఆ నెలలోనే మొదటిసారి కుడివైపు తిరిగి కెరటం ముఖం మీద అడ్డంగా వెళ్లగలిగాను, జూన్ వచ్చేసరికి అది అలవాటైంది.

ఒక వేట తాత వల బాగుచేసుకుంటూ నన్ను రోజూ చూస్తుంటాడు. ఒకరోజు పిలిచి, "బాబూ, కెరటం బాగానే ఉంది గానీ మొగ కాడికి ఎల్లకు, పాటు తీసేటప్పుడు లాగేస్తాది" అన్నాడు. అది అక్షరాలా నిజం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటుకీ పాటుకీ తేడా ఎక్కువ, ఏటి నీరు పాటుతో కలిసి బయటికి దూసుకుపోతుంది. పైగా నైరుతి రోజుల్లో ఒడ్డు వెంబడి ప్రవాహం మనల్ని మొగ వైపుకే తోస్తుంది. లైట్‌హౌస్‌ని గుర్తు పెట్టుకుని, అది కాస్త పక్కకి జరిగినట్టు అనిపించగానే ఒడ్డుకి వచ్చేసి, నడిచి వెనక్కి వెళ్లి మళ్లీ దిగుతాను. ఒంటరిగా ఎప్పుడూ దిగను, లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) లేకుండా అసలు దిగను.

జూలై, ఆగస్టుల్లో ఫోర్కాస్ట్‌తో పాటు పేపర్లో వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ వార్త చూడాలి. గేట్లు ఎత్తారంటే మొగ దగ్గర ఎర్రనీళ్లు, కొట్టుకొచ్చే దుంగలు, చెత్త. స్వెల్ ఎంత బాగున్నా నీరు తేటపడే దాకా నేను వెళ్లను. ఒడిశా కొండల్లో వాన పడితే మన ఊళ్లో చినుకు లేకపోయినా వరద వస్తుంది, అది మర్చిపోవద్దు.

సామాను సంగతి క్లుప్తంగా: ఎనిమిది అడుగుల సాఫ్ట్ బోర్డు, నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా చిన్నది వద్దు. కాలు జారకుండా బోర్డుకి రాసే వ్యాక్స్ ట్రాపికల్ అని రాసి ఉన్నదే కొనాలి, చల్లటి నీళ్ల రకం ఇక్కడ కరిగి జారిపోతుంది. పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), ఎండకీ ఇసుక రాపిడికీ రెండింటికీ. బోర్డుని ఎండలో వదలొద్దు, తడి గోనెసంచి కప్పితే చాలు.

సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో గాలి తగ్గుతుంది, దక్షిణ స్వెల్ ఇంకా వస్తూనే ఉంటుంది, నేను ఎదురుచూస్తున్నది దానికే. అయితే ఆ నెలలు తుపాన్లవి కూడా, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ మన జిల్లాలోనే తీరం దాటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వాతావరణ శాఖ ప్రకటించిన దగ్గర నుంచి స్వెల్ పటాలు మూసేసి వాళ్ల బులెటిన్లే చూస్తాను.

బారువ వైపు పొద్దున్నే వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ గాలి ఎన్నింటికి తిరుగుతోందో, పది కెరటాలకి ఎన్ని సెకన్లు పడుతోందో తేదీ వేసి రాసి పెట్టండి. అదే రోజుకి నా కళింగపట్నం లెక్క పక్కన పెట్టి చూస్తాను, అక్కడి మహేంద్రతనయ ఏటి మొగ దగ్గర ఇసుక ఎలా ఉందో కూడా చెబితే అక్టోబర్‌లో ఒక ఆదివారం అటు వస్తాను.